సోమరి అన్నవాడెవడు? పడ్డవాడెవడు?

తిట్లను నిఘంటువులో చూసి అర్థం చేసుకోలేము. ఎవరు ఎవరిని తిడుతున్నారో చూడాలి. బద్ధకస్తులను గురించి మన జనం వాడే మాటలు ఇందుకు మంచి ఉదాహరణ.

పుస్తకభాషలో సోమరి, అలసుడు అని సరిపెట్టుకుంటాము. మా కోస్గి బజారులో నిలబడితే పెద్ద పట్టికే దొరుకుతుంది: పనిదొంగ, సోమరిపోతు, ఒళ్లు వంగనోడు, కూసుండి తినేటోడు, ఉర్దూ నుంచి వచ్చిన కామ్‌చోర్. "తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు" అనే సామెత ఉండనే ఉంది.

ఆ సామెతలోని రెండు పేర్లలోనూ రాజు ఉన్నాడు. దక్షిణ చీనాలోని కాంటన్ ప్రజలు కూడా పని ఎగ్గొట్టి తిరిగేవాడిని వాడుకలో "సే వోంగ్" అంటారు, అంటే పాములరాజు. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. కాని పని చేయకుండా తినేవాడికి కిరీటం పెట్టడం శ్రామికుని చమత్కారంగానే నాకు తోస్తుంది.

అయితే ఈ మాటలు నిజమైన రాజులకు తగలలేదు. వెట్టిచాకిరి కాలంలో పగలంతా గడీలో పడుకున్న దొర సోమరి కాలేదు. జ్వరం వచ్చి ఒకనాడు రాలేకపోయిన వెట్టివాడు పనిదొంగ అయినాడు. యజమాని విశ్రాంతి హోదా, కూలివాని విశ్రాంతి నేరం.

ఇది గడచిన కథ కాదు. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. ఏడాదికి కుటుంబానికి 100 రోజుల పని అన్నది ఆ హామీ. 2006 ఫిబ్రవరిలో అది మొదట అమలైన 200 జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి. ఇక "కూలోళ్లు సోమరులైపోయిన్రు" అన్న ఫిర్యాదు మొదలైంది. చదువుకున్నవారి నోట కూడా నేను దానిని ఎన్నోసార్లు విన్నాను. వాన లేక చేను ఎండితే బొంబాయికి, పూనాకు పోయి మట్టి మోసినవారు ఈ కూలీలే. ఆనకట్టల పనిలో పాలమూరు కూలీ పేరు దేశమంతా ఎరుగును. అతడు ఒక్కసారిగా సోమరి ఎట్లా అయినాడు? పాత కూలికి రానన్నాడు, అంతే.

సయ్యద్ హుసేన్ అలతాస్ అనే మలేషియా పండితుడు 1977లో ఇదే విషయంపై ఒక గ్రంథం వెలువరించాడు. తోటల యజమానుల షరతులకు లొంగని మలయా రైతులనే వలసపాలకులు సోమరులన్నారని అందులో చూపాడు.

మాండలిక పదాలు సేకరించే విద్యార్థులకు నా మనవి ఒకటే. మాట పక్కన అర్థం రాసి ఊరుకోకండి. అన్నవాడెవడో, పడ్డవాడెవడో, ఆనాటి కూలి ఎంతో కూడా రాయండి.