కదిలితే క్షేమమేనా?

పిల్లలు బెంగళూరులోనో, అమెరికాలోనో. అమ్మానాన్నలు బాలిగంజ్‌లోనో, సాల్ట్ లేక్‌లోనో. కోల్‌కతా మధ్యతరగతి ఇళ్లలో చాలాచోట్ల ఇదే కథ. పిల్లల్ని విదేశాలకు పంపిన విజయవాడ, హైదరాబాద్ తల్లిదండ్రులకూ ఇది తెలియనిది కాదు. రోజూ ఫోన్ మోగుతుంది. "బాగానే ఉన్నాం" అనే జవాబు వస్తుంది. ఒంట్లో నలతగా ఉన్నా అదే జవాబు.

మరి ఆ ఫోన్‌నే అడిగితే? కోల్‌కతాలోని టీసీఎస్ ఇన్నోవేషన్ ల్యాబ్స్ పరిశోధకులు ఆ దారే పట్టారు. వృద్ధులను, దీర్ఘకాలిక రోగులను దూరం నుంచి కనిపెట్టి ఉండేందుకు రూపొందించిన 'యుబిహెల్డ్' వ్యవస్థను 2013లో జ్యూరిచ్‌లో జరిగిన యుబికాంప్ సదస్సు ముందుంచారు. అందులో ఒక కీలక సాధనం స్మార్ట్‌ఫోన్‌లోని యాక్సిలరోమీటర్. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే తెరపై బొమ్మా తిరిగేది ఈ చిన్న సెన్సర్ వల్లే. ఇది మూడు దిశల్లో త్వరణాన్ని కొలుస్తుంది. మనిషి నడుస్తుంటే అడుగుకో అల లేస్తుంది. కూర్చుంటే గీత చదునవుతుంది. పడిపోతే ఆ కొలత క్షణకాలం సున్నా వైపు జారి, నేల తగలగానే ఒక్కసారిగా ఎగుస్తుంది. ఆపైన చాలాసేపు కదలిక లేదంటే కంగారు పడాల్సిందే.

అయితే ఫోన్ ఒంటి మీద ఉండాలి. పెద్దవాళ్లేమో దాన్ని టీవీ పక్కన పెట్టేస్తారు. జారిపడే భయం ఎక్కువగా ఉండే స్నానాలగదికి అసలే తీసుకెళ్లరు. జేబులోనే ఉన్నా, మధ్యాహ్నం కునుకుకూ స్పృహ తప్పడానికీ తేడా తేల్చడం దానికి కష్టం.

సరే, హెచ్చరిక వచ్చిందనుకుందాం. న్యూజెర్సీలో నిద్రపోతున్న కొడుకు ఏం చేయగలడు? తలుపు తట్టే మనిషి ఊళ్లోనే ఉండాలి. నగరంలోని ఒంటరి వృద్ధుల కోసం కోల్‌కతా పోలీసులు 'ది బెంగాల్' సంస్థతో కలిసి 2009లో 'ప్రణామ్' పథకం మొదలుపెట్టింది అందుకే. దేశంలో 60 ఏళ్లు దాటినవారు 2011 జనాభా లెక్కల నాటికే 10 కోట్ల పైమాట. అందరి గుమ్మానికీ అలాంటి చేయి అందాలి.

శ్రద్ధ నిఘాగా మారకూడదు కూడా. తన అడుగులను ఎవరు లెక్కిస్తున్నారో తండ్రికి తెలియాలి. వద్దనుకుంటే ఆపేసే హక్కు ఆయనదే.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మరొకటుంది. అడుగుల లెక్క అందుతోంది కదా అని పిల్లలు రోజూ చేసే ఫోన్ మానేయడం. "బాగానే ఉన్నాం" అన్నది అబద్ధమే కావచ్చు. అది అబద్ధమని గొంతు చెప్పేస్తుంది. గీతకు ఆ గొంతు లేదు.