కందకం అవతలి సింహం

తిరుత్తణిలో రైలెక్కిన పిల్లలు తిరువళ్ళూరు మీదుగా మద్రాసు సెంట్రల్‌లో దిగితే, ఒకప్పుడు జంతు ప్రదర్శనశాల చూడడానికి మరో బండి ఎక్కే పని ఉండేది కాదు. స్టేషను పక్కనే పీపుల్స్ పార్కు. అందులో ఒక చివర జంతువులు.

దీనికి మూలం ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే వైద్యుడు. ఆయన మద్రాసు మ్యూజియం అధికారి. గాజు బీరువాల్లోని చచ్చిన జంతువుల కంటే ప్రాణంతో ఉన్నవాటిని చూడడానికే జనం ఎగబడతారని గ్రహించాడు. ఆర్కాటు నవాబును ఒప్పించి, ఆయన పెంచుకుంటున్న జంతువులను తెప్పించాడు. 1855లో మ్యూజియం ఆవరణలోనే ప్రదర్శనశాల మొదలైంది. ఏడాది తిరిగేసరికి అక్కడ 300కు పైగా జంతువులు చేరాయి. 1860ల్లో వాటిని పార్కుకు మార్చారు. తరువాత ఆ పార్కు నేలలోనే 1900లో మూర్ మార్కెట్టు, 1913లో రిపన్ భవనం వెలిశాయి. పట్నం పెరిగింది, జంతువులకు చోటు పెరగలేదు.

ఇనుప ఊచలు లేకుండా జంతువులను చూపవచ్చునన్న ఆలోచన జర్మనీలో బలపడింది. హాంబర్గులో ఒక చేపల వ్యాపారి, వలలో పడిన సీళ్ళను 1848లో తొట్టెల్లో ఉంచి, డబ్బు తీసుకొని చూపాడు. అప్పటికి నాలుగేళ్ళవాడైన ఆయన కొడుకు కార్ల్ హేగెన్‌బెక్ పెద్దవాడై పేరుమోసిన జంతువుల వ్యాపారి అయ్యాడు. ఏ జంతువు ఎంత దూరం దూకగలదో పరీక్షించి, అంతకంటే వెడల్పుగా కందకాలు తవ్వించి, 1907లో కొత్త తోట తెరిచాడు. సింహానికీ పిల్లలకూ నడుమ ఊచలు లేవు!

అయితే ఆ వ్యాపారంలో పిల్ల జంతువును పట్టడానికి తల్లిని చంపడం మామూలు. అంతేకాదు, ఆయన ల్యాప్‌లాండు నుంచి, సింహళం నుంచి మనుషులను కూడా రప్పించి, టిక్కెట్టు పెట్టి చూపించాడు. ఆ ప్రదర్శనలకు తల్లిదండ్రులు పిల్లల చేయి పట్టుకొని వచ్చేవారు. జంతువును చూసే చూపుతో సాటి మనిషిని చూడడం ఆ పిల్లలకు పెద్దలే నేర్పారు. కందకం ఎంత మంచి ఉపాయమైనా ఈ సంగతి మరవరానిది.

మద్రాసు జంతువులకు కందకాల చోటు దొరకడానికి చాలా కాలం పట్టింది. వండలూరు అడవిలో సుమారు 1,265 ఎకరాలు కేటాయించారు. 1985 జూలై 24న అప్పటి ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్ కొత్త ప్రదర్శనశాలను ప్రారంభించారు.

ఇప్పుడు తిరుత్తణి పిల్లలు సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి, పార్కు స్టేషనులో మరో రైలెక్కాలి. ఇంత దూరం వచ్చాక సింహం పొద చాటున నిద్రపోతూ ఉండవచ్చు. పిల్లలు గోల చేస్తారు, పెద్దలు గడియారం చూసుకుంటారు. పార్కులోని ఊచల వెనుక ఉన్నప్పుడు దానికి దాక్కునే పొద లేదు. ఇక్కడ ఉంది. అది లేచి వచ్చేదాకా కందకం గట్టున నిలబడి కాచుకోవాలి.