అచ్చులో పడిన తీగలు

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమన్నారు పెద్దలు. ర్యాకు వెనుకవైపు చూచి ఇంజనీరును చూడుమని మేమంటాము. ఆ పరీక్షలో మేము ఒకమారు తప్పినవారమే.

సూరతుకు తూర్పున, ముంబయి–ఢిల్లీ మార్గమయిన 48వ నంబరు, హజీరా నుండి వచ్చే 53వ నంబరు జాతీయ రహదారులు కలిసే కూడలి కడోదరా. మరమగ్గాలకు, అద్దకపు మిల్లులకు నెలవయిన ఆ ఊరిలో మా సంస్థ పరికరాల గది నిర్వహణ కొంతకాలం మా బృందం చూచింది. ర్యాకు ముందు తలుపు తీస్తే పచ్చని దీపాలు ముచ్చటగా వెలుగుతుండేవి. వెనుక తలుపు తీస్తే పిచ్చుకగూడే! ఒక అర్ధరాత్రి, చెడిన తీగకు బదులు దాని పక్కనున్న మంచి తీగను లాగివేశాము. 40 నిమిషాల పాటు సేవలు నిలిచిపోయినవి. “తీగ వదులయినది” అని సంజాయిషీ వ్రాసి ఇచ్చాము. వదులు చేసినది మేమేనని వ్రాయలేదు.

సూరతులో స్థిరపడిన తెలంగాణ పద్మశాలి కుటుంబాలు అనేకం. మా బృందంలోని టెక్నీషియన్ ఒకరు అటువంటి ఇంటివారు. ఆ చిక్కును చూచి, “సార్, మగ్గం మీద వేల పడుగు పోగులుంటాయి. అచ్చులో ఏ పోగు సందు ఆ పోగుదే. మరి మన తీగలకు అచ్చేదండీ?” అన్నారు. మా వద్ద జవాబు లేదు.

బజారులో దొరికే పట్టీలు మా పాత ర్యాకు రంధ్రాలకు కుదరలేదు. మాలో ఒక యువ ఇంజనీరు ఇంట త్రీడీ ప్రింటరు ఉన్నది. 19 అంగుళాల ర్యాకు వెడల్పు 482.6 మి.మీ.; ఒక యూనిట్ ఎత్తు 44.45 మి.మీ. ప్రింటరు పళ్ళెం 220 మి.మీ. మాత్రమే గనుక ముక్కలుగా చేసి మరలతో బిగించాము. 6 మి.మీ. తీగకు 6.5 మి.మీ. సందు, 12 సందుల వరుసలు 2, వెరసి 24 పోర్టుల ప్యానెలుకు ఒక అచ్చు. ఆప్టికల్ ఫైబరు మలుపులకు 30 మి.మీ. వ్యాసార్ధంతో వేరే వంపు ముక్కలు చేశాము.

తొలి అచ్చులు పి.ఎల్.ఎ. ప్లాస్టిక్‌వి. అది సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద మెత్తబడుతుంది. బరువు వ్రేలాడితే అంతకంటె తక్కువ వేడికే మెల్లగా సాగుతుంది. మే నెలలో ఏసీ చెడిన రెండు రోజులలో అవి కుంగిపోయినవి. తరువాత, సుమారు 80 డిగ్రీల వరకు గట్టిగా నిలిచే పి.ఇ.టి.జి. వాడాము. ప్లాస్టిక్ మండే వస్తువు కావున విద్యుత్ సరఫరా తీగలకు, ఫ్యాన్ల గాలి మార్గానికి వాటిని దూరముంచాము. ప్రతి తీగకు రెండు కొసలా నంబరు అంటించాము.

కొన్నాళ్ళకు మరొక అర్ధరాత్రి ఫోను మ్రోగింది. గదిలో ఉన్నది కొత్తగా చేరిన కుర్రవాడు. “రెండవ వరుస, ఏడవ సందు” అని చెప్పాము. అతడు నంబరు చదివి సరిచూచుకొని తీగ మార్చాడు. మేము ఇల్లు కదలనే లేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పాత సంజాయిషీ కాగితమే కళ్ళలో మెదిలింది. అందులో వ్రాయనిదానిని ఇన్నాళ్ళకు ఇక్కడ వ్రాస్తున్నాము. పాఠక మిత్రులు తమ ర్యాకు వెనుక తలుపు రేపు ఒకమారు తెరిచి చూడవలసినదిగా మనవి.