గాజు గ్లాసు, 814 ఓట్లు

2019లో రాష్ట్రమంతా వైసీపీ ఫ్యాను గాలి వీస్తే మా రాజోలు ఒక్కటే గాజు గ్లాసు పట్టుకుని నిలబడింది. రాపాక వరప్రసాదరావు గారి ఆధిక్యం 814 ఓట్లు. పవన్ కల్యాణ్ నిలబడ్డ గాజువాక, భీమవరం రెండూ పోయాయి. 175 సీట్లలో జనసేనకి దక్కిందల్లా మా సీటే. కువైట్‌లో మా గదిలో ఉన్నవాళ్లందరం మలికిపురం, సఖినేటిపల్లి వైపు వాళ్లమే. తెలుగువాళ్లు ఎదురైతే చాలు, "మీదేనా రాజోలు?" అని అడిగేవారు. "ఆయ్, మాదేనండి" అనేవాళ్లం. ఆ పార్టీకి ఓటెయ్యని వాళ్లు కూడా అదే అనేవారు.

ఆ మురిపెం ఎంతోకాలం లేదు. 2020 జనవరిలో, సొంత పార్టీ వద్దన్న మూడు రాజధానుల బిల్లుకి అసెంబ్లీలో రాపాక గారు జై కొట్టారు. తర్వాత పూర్తిగా వైసీపీ వైపే. పదవి మాత్రం వదల్లేదు. ఆయన రాజీనామా చేసి, మళ్లీ నిలబడి ఉంటే బాగుండేది. నన్ను చూసి వేశారని ఆయన, గుర్తును చూసి వేశామని జనం. ఉప ఎన్నిక పెడితే ఎవరి మాట నిజమో నెల్లాళ్లలో తేలిపోయేది.

2024 వచ్చేసరికి ఇంకో తమాషా. 2019లో తలపడ్డ ముగ్గురిలో ఒక్కరు కూడా పాత చోట లేరు. ఫ్యాను గుర్తు మీద 814 ఓట్లతో ఓడిన బొంతు రాజేశ్వరరావు గారు జనసేనలోకి వచ్చారు. తెలుగుదేశం సైకిల్ మీద పోటీ చేసిన గొల్లపల్లి సూర్యారావు గారు ఫ్యాను కిందకి చేరి రాజోలు టికెట్ తెచ్చుకున్నారు. రాపాక గారిని అదే పార్టీ అమలాపురం పార్లమెంటుకి పంపింది. జనసేన ఏమో బొంతు గారిని కాదని, రిటైర్డ్ ఐఏఎస్ దేవ వరప్రసాద్ గారిని నిలబెట్టింది. ఐదేళ్లు జెండా మోసిన కుర్రాళ్లు ఎవరిని తిట్టాలో, ఎవరికి దండ వెయ్యాలో తెలియక తికమకపడ్డారు.

మా కోనసీమలోనే ఉన్న కొత్తపేట వాళ్లకి ఈ అవస్థ లేదు. పార్టీలు మారినా అక్కడ 2004 నుంచీ అదే జోడీ, బండారు సత్యానందరావు గారు, చిర్ల జగ్గిరెడ్డి గారు. ఈసారి ఎవరి వంతో చూసుకోవడమే వాళ్ల పని.

జూన్ 4న మాకు తెల్లారి ఐదున్నరకే లెక్కింపు మొదలు. డ్యూటీకి వెళ్లాల్సినవాళ్లు కూడా ఫోన్లు వదల్లేదు. దేవ గారు 39 వేల పైచిలుకుతో గెలిచారు. అమలాపురంలో బాలయోగి గారబ్బాయి గంటి హరీష్ మాధుర్ రాపాక గారిని 3 లక్షల 42 వేల తేడాతో ఓడించారు. మా గదిలో ఒకటే కేకలు: "చూశారా, జనం బుద్ధి చెప్పారు!"

నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. కోనసీమ జిల్లాలో ఏడు అసెంబ్లీ సీట్లకి ఏడూ తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికే పోయాయి. రాష్ట్రంలో వైసీపీకి మిగిలినవి 11. పార్టీ మారనివాళ్లూ, పనిచేసినవాళ్లూ, చెయ్యనివాళ్లూ అందరూ ఒకే వరదలో కొట్టుకుపోయారు. అందులో ఫలానా ఓటు ఫిరాయింపు మీద కోపంతో పడిందని ఎలా విడదీస్తాం? మనిషికా, గుర్తుకా అన్న మా 814 ఓట్ల ప్రశ్నకి జవాబు ఆ 3 లక్షల 42 వేలల్లో ఎక్కడుందో నాకు దొరకలేదు. పైగా గోడ దూకినవాళ్లకి గెలిచిన పక్షం కూడా తలుపులు తీస్తే, ఇవాళ కేకలేసినవాళ్లే రేపు కండువా కప్పుతారు.

ఇదంతా ఫోన్లో మా బావకి చెప్పాను. అంతా విని, "నీ లెక్కలు బాగానే ఉన్నాయిగానీ, మే 13న, పోలింగ్ రోజున, నువ్వెక్కడున్నావురా?" అన్నాడు. ప్రవాస ఓటరుగా పేరు నమోదైనా పాస్‌పోర్టు పట్టుకుని ఊళ్లో బూత్‌కి స్వయంగా వెళ్లాల్సిందే. ఆ మాటే అన్నాను. "అమెరికా నుంచి వచ్చారు కదరా," అన్నాడు బావ. వాళ్ల జీతాలు వేరు, సెలవులు వేరు అని చెప్పబోయేలోపు వరికోతల మిషనుకి డబ్బులు పంపమని సంగతి మార్చేశాడు.