కోసిగిలో జరావైద్య పాఠము

గుంతకల్లునుండి రాయచూరునకు పోవు రైలుమార్గమున, ఆదోని దాటిన పిమ్మట మంత్రాలయము రోడ్డు స్టేషనునకు ముందుగా వచ్చు కోసిగి, కర్నూలు జిల్లాకు పడమటి కొసన, కన్నడదేశపు సరిహద్దునకు చేరువగా నున్న మండల కేంద్రము. చేలలో పని ముగిసినంతనే ఈ ప్రాంతపు పల్లెలు సుగ్గికి, అనగా వలసకూలికి, బయలుదేరును. గుంటూరు సీమ మిరపకోతలకు కొందరు, బెంగుళూరు కట్టడపు పనులకు కొందరు, బియ్యపు మూటలతోను, వంటపాత్రలతోను, బడి మానిన పిల్లలతోను తరలిపోవుదురు. నేను వెళ్ళినది ఆ కాలముననే. తాళములు వేసిన ఇండ్లు అనేకములు. తాళము వేయని ఇండ్ల అరుగులమీద అవ్వలు, తాతలు, వారి చెంత చంటిపిల్లలు. ముసలివారు ఇంటికి భారమని పట్టణములయందు వినవచ్చు మాట ఇచట చెల్లదు. సుగ్గి కాలమున నీళ్ళు మోయువారు, పొయ్యి రాజేయువారు, మనుమలను బడికి పంపువారు వారే యగుటచేత, ఒక అవ్వ కాలుజారి పడినచో ఆ ఇల్లు నిలిచిపోవును. గుంటూరున నున్న కొడుకు కూలి మానుకొని రైలెక్కవలసి వచ్చును.

ఇట్టి ఊరిలో వైద్యసిబ్బందికి వృద్ధుల చికిత్సనుగూర్చి ఒక దినపు తరగతి జరుగుచున్నదని తెలిసి, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళితిని. గదిలో వైద్యాధికారులు, నర్సులు, ఏ.ఎన్.ఎం.లు, పల్లెలలోని ఆరోగ్యకేంద్రములలో పనిచేయు యువతులు, వెనుకవరుసలో ఆశా కార్యకర్తలు కూర్చుండిరి. బోధించుటకు కర్నూలునుండి ఒక వైద్యుడును, ఒక ఫిజియోథెరపిస్టును వచ్చిరి. ఎం.బి.బి.ఎస్. చదువున శిశువైద్యమునకు వేరుగా పరీక్ష కలదు గాని వృద్ధవైద్యమునకు లేదు. కావున దానిని ఉద్యోగమున చేరిన పిమ్మటనే నేర్చుకొనవలసి యున్నది. వైద్యుడు ప్రతి అయిదేండ్లలో 30 గంటలైనను ఇట్టి నిరంతర విద్యలో పాల్గొనవలెనని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి చెప్పుచున్నది. 2010లో మొదలైన వృద్ధుల ఆరోగ్యసంరక్షణ జాతీయ కార్యక్రమము, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున వారమునకొకనాడు వృద్ధులకై ప్రత్యేకముగా క్లినిక్కు నడుపవలెనని నిర్దేశించినది. క్లినిక్కు తెరచుట సులువే. అందు కూర్చుండు వైద్యునికి ఏమి చూడవలెనో తెలియుట వేరు.

ఆ వైద్యుడు తన ప్రసంగమును రోగములతో గాక, ఒక ఆంగ్లవైద్యురాలి చరిత్రతో ఆరంభించెను. 1935లో లండను చెంతనున్న వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మార్జొరీ వారెన్ అను ఆమెకు, దరిద్రాలయమునుండి సంక్రమించిన వందలకొలది వృద్ధరోగులు అప్పగింపబడిరి. వారు ఏండ్ల తరబడి మంచములకు అంటుకొని యుండిరి. ఇక లేవరని అందరును నిశ్చయించి యుండిరి. ఆమె ఒక్కొక్కరిని పరీక్షించి, వారిని తరగతులుగా వేరుచేసి, లేవదగినవారిని లేపి, నడిపించి, అనేకులను ఇండ్లకు పంపెను. ముసలితనము వేరు, రోగము వేరు, ఎవరును లేపకపోవుటచేత కలిగిన అశక్తత వేరు అను వివేకమే ఈ శాస్త్రమునకు పునాది. మన ఆయుర్వేదపు అష్టాంగములలో జరాచికిత్స ఒకటిగా నున్నను, ఆధునిక వైద్యమున మనదేశమునకు ఇది ఆలస్యముగా వచ్చినది. మదరాసు జనరల్ ఆసుపత్రిలో 1978లో డాక్టరు వి. ఎస్. నటరాజన్ వృద్ధులకు ప్రత్యేక విభాగము నెలకొల్పిరి. మదరాసు మెడికల్ కాలేజీలో దీనికి ఎం.డి. పట్టము 1996లో ఏర్పడినది.

పిదప ఫిజియోథెరపిస్టు చేతులున్న ఒక కుర్చీని గది నడుమ ఉంచి, అక్కడినుండి మూడు మీటర్ల దూరమున నేలమీద సున్నపు గీత గీచెను. కుర్చీనుండి లేచి, గీతవరకు నడచి, తిరిగివచ్చి కూర్చుండుటకు పండ్రెండు సెకండ్లు గాని అంతకు మించి గాని పట్టినచో ఆ మనిషి పడిపోవు అపాయము కలదని ఎంచవలెను. వరండాలో చీటికై వేచియున్న ఒక అవ్వను పిలిచిరి. ఆమె కుర్చీ చేతులను పట్టుకొని లేచి, చీర కుచ్చెళ్ళు ఒక చేత ఎత్తిపట్టుకొని, గీతను త్రొక్కి తిరిగి వచ్చెను; గడియారము చూచుచున్న నర్సు ఆమె ఉత్తీర్ణురాలైనట్లు చెప్పెను. అప్పుడు వెనుకవరుసలోని ఆశా కార్యకర్త ఒకామె లేచి, “సార్, అవ్వోళ్ల ఇంట్లో కుర్చీ యాడుంటాది? కిందనే కూసుంటాది, కిందనుంచే లేస్తాది” అనెను.

గది నిశ్శబ్దమాయెను. ఫిజియోథెరపిస్టు క్షణకాలము ఆలోచించి, కుర్చీని తొలగించి చాప పరపించెను. “లేస్తాలే నాయనా, రోజూ లేసేదే గదా” అనుచు అవ్వ చాపమీద చదికిలబడెను గాని లేచుట అంత సులభము కాలేదు. ముందు ఆమె ఒక ప్రక్కకు ఒరిగి కుడి అరచేతిని నేలకు ఆనించెను. పిదప రెండు మోకాళ్ళమీదికి వచ్చెను. అచట కొంతసేపు ఆగి, ఎడమచేతితో గోడకై తడవి, గోడ అందనందున ప్రక్కనున్న నర్సు మోకాలిని పట్టుకొని, దీర్ఘముగా ఊపిరి విడిచి నిలువబడెను. లేచిన మీదట ఆమె శరీరము ఒకసారి వెనుకకు తూలెను. కుర్చీ పరీక్షలో కానరాని బలహీనత యంతయు, తొడలలోను మోకాళ్ళలోను దాగినది, ఆ చాపమీద బయటపడినది. ఆ కార్యకర్త పలికిన ఒక్క వాక్యము ఆనాటి తరగతిలోకెల్ల విలువైన పాఠమని నా నమ్మకము. నేర్పుటకు వచ్చినవారు దానిని నేర్చుకొనుటకు వెనుదీయకపోవుట చూచి వారియందు నాకు గౌరవము హెచ్చినది.

మధ్యాహ్నము ఒక తాత తన మందుల సంచిని బల్లమీద కుమ్మరించెను. ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చినవి, ఆదోని డాక్టరు వ్రాసినవి, ఊరిలోని ఆర్.ఎం.పి. పొట్లము కట్టినవి అందు కలగలసి యుండెను. “పొద్దున ఎర్రది, మాపున తెల్లది, కాళ్లు లాగితే ఈ పెద్దది” అని ఆయన విశదపరచెను. వైద్యుడు అట్టలను వేరుచేసి, “తాతా, ఈ రెండూ ఒకటే మందు, పేర్లే వేరు” అని చెప్పి, సిబ్బందివైపు తిరిగి ఆ సంచి వెనుకనున్న కథను బోర్డుమీద గీచెను. మోకాళ్ళకై దినమును మ్రింగు నొప్పిమాత్ర రక్తపోటును పెంచును; పెరిగినదానికి మరియొక మాత్ర వ్రాయుదురు; ఆ మాత్రచే కొందరికి పాదములు వాచును; ఆ వాపును చూచి మూత్రము జారీయగుటకు మూడవది ఇత్తురు; ఆ మూడవది కోసిగి ఎండలలో ఒంటిలోని నీటిని తోడివేయగా, ముసలివాడు తెల్లవారుజామున మంచము దిగి నిలువబడినంతనే కండ్లు తిరిగి కూలును. ఇందు మొదటి మాత్రనుగూర్చి ఎవరును అడుగరు. అందుచేత పండుకొనియుండగా ఒకసారి, నిలిచిన పిమ్మట మూడు నిమిషములలోగా మరల ఒకసారి బి.పి. చూడవలెననియు, పై అంకె 20 గాని క్రింది అంకె 10 గాని తగ్గినచో జాగ్రత్తపడవలెననియు ఆయన నర్సులచేత చేయించి చూపెను. క్రొత్త మందు వ్రాయుటకంటె ఉన్న మందును మాన్పుటకు ఎక్కువ విద్య కావలెను.

మతిమరపును గూర్చిన ప్రసంగమున ఒక భేదమును ఆయన మరిమరి చెప్పెను. నెలలు, ఏండ్లుగా మెల్లమెల్లగా వచ్చు మరపు ఒకటి. నిన్నటివరకు బాగుండి, నేడు కూతురిని గుర్తింపక, రాత్రి యంతయు కలవరించుట వేరొకటి. రెండవదానిని చూచి గాలి సోకినదని తాయెత్తు కట్టించుటయో, వయస్సు మీరినదని విడిచిపెట్టుటయో జరుగును. కాని దాని వెనుక మూత్రమున చీము పట్టుట, ఒంటిలో నీరు తగ్గుట, మలబద్ధము, క్రొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర మొదలగు కుదుర్పదగిన కారణములుండును. ముసలివారికి లోపల సోకిన రోగమునకు జ్వరము కూడ రాకపోవచ్చును. ఈ ఒక్క విషయము ఆశా కార్యకర్తకు తెలిసినచో ఆమె ఆ దినముననే ఆసుపత్రికి తోడ్కొని వచ్చును.

ఇట్టి విద్య తరచు జిల్లా కేంద్రములయందు, ఆంగ్లపు చిత్రపటములతో, వైద్యులకు మాత్రమే దొరకుచున్నది. వైద్యులకు అది ఆవశ్యకమే. కాని మంచము పట్టినవారి గడప త్రొక్కునది వారు కారు. అరవైయేండ్లు దాటినవారిని అడుగవలసిన ప్రశ్నలు ఆశా కార్యకర్తల పత్రములో ఇదివరకే కలవు: నిలుచునపుడు, నడచునపుడు తూలుచున్నారా, స్నానమునకు, బట్ట కట్టుటకు ఒకరి తోడు కావలెనా, అయినవారి పేర్లు, ఇంటి చిరునామా మరచుచున్నారా యని. ఆ ప్రశ్నలు ఏల అడుగవలెనో, జవాబు వచ్చిన పిమ్మట ఏమి చేయవలెనో ఆమెకు తెలుగున, ఆమె ఊరిలోనే, ఏటేట చెప్పనిచో పత్రము నిండును గాని పని జరుగదు.

సాయంకాలమున వారిలో వారు కొన్ని నిర్ణయములు చేసికొనిరి. నెల మొదటి తేదీన 4000 రూపాయల పింఛను ఇండ్లకే అందుచున్నది గనుక, ఎవరు గడపవరకు రాగలరో, ఎవరు మంచముమీదనే వేలిముద్ర వేయుచున్నారో దానిని పంచు గ్రామ సచివాలయపు సిబ్బందికి తెలియును. వారినుండి మంచము పట్టినవారి జాబితా తీసికొనవలెననిరి. సుగ్గికి పోవు కుటుంబములలో వృద్ధులు మాత్రమే మిగులు ఇండ్లను బయలుదేరుటకు ముందే గుర్తించి, కొడుకుల ఫోను నంబర్లు వ్రాసికొనవలెననిరి. చాపమీదినుండి లేచు పరీక్షకు కొలతలు లేవు గదా, దానిని రిజిస్టరులో ఎట్లు వ్రాయుదుమని ఒక నర్సు ప్రశ్నించెను. ఎవరి సాయమును లేక లేచినారా, గోడ పట్టుకొని లేచినారా, మనిషిని పట్టుకొని లేచినారా అని మూడు గడులు గీయుడనియు, వచ్చు తరగతికి ఆ లెక్కలు తెచ్చినచో అందరును కలసి చూతమనియు ఫిజియోథెరపిస్టు చెప్పగా, ఆమె అప్పటికప్పుడే స్కేలు తీసికొని గీతలు గీయ మొదలిడెను.