నార్‌ఫ్లాక్స్ చుట్టూ ఖాళీ జాగా

ఇంక్యుబేటర్ తలుపు తీయగానే గుప్పుమనే ఆ వాసన నా ముక్కుకు ఇంకా తెలుసు. 1990లలో జిల్లా ఆస్పత్రి ల్యాబులో మూత్రం కల్చర్లు చూడటం నా పని. మెకాంకీ ప్లేటు మీద తెల్లారేసరికి గులాబీ రంగు చుక్కలు లేచాయంటే చాలావరకు అది ఈ. కోలియే. మన పేగుల్లో ఉండేదే, దారి తప్పి మూత్రనాళంలోకి ఎక్కుతుంది. దాన్ని కొంచెం సెలైన్‌లో కలిపి, దూదిపుల్లతో ఇంకో ప్లేటంతా పూసి, మందు అద్దిన కాగితపు బిళ్లలు పెట్టేవాళ్లం. మర్నాడు వెలుతురుకు పట్టి చూస్తే, పొగమంచులా పరుచుకున్న క్రిముల మధ్య నార్‌ఫ్లాక్సాసిన్ బిళ్ల చుట్టూ గుండ్రంగా, ఏమీ మొలవని జాగా! స్కేలు పెడితే 30 మిల్లీమీటర్ల దాకా వచ్చేది. రిపోర్టులో 'ఎస్', అంటే మందుకు లొంగుతుంది అని రాస్తుంటే ఎంత హాయిగా ఉండేదో.

'వేడి చేసిందిలే' అని బార్లీ నీళ్లతో సరిపెట్టుకుని, ముదిరాక వచ్చినవాళ్లు కూడా ఆ మాత్రతోనే తేరుకునేవాళ్లు. దానికి ముందటి మందు నాలిడిక్సిక్ ఆమ్లం. 1962లో, క్లోరోక్విన్ తయారీలో పక్కన మిగిలిన పదార్థం నుంచి పుట్టింది. మన షాపుల్లో గ్రామోనెగ్ పేరుతో దొరికేది. దాని బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ముందే పోయింది, మరో పాత మందు సెప్ట్రాన్‌దీ పోయింది. నార్‌ఫ్లాక్స్‌ది పోవడం మాత్రం నా కళ్లముందే జరిగింది.

ఒక్కరోజులో కాదు. 22, 18, 14. క్రిమి తన డీఎన్ఏ మెలికలు సర్దుకోవడానికి వాడే గైరేజ్ ఎంజైమును ఈ మందు పట్టేస్తుంది. ఆ ఎంజైములో ఒకటి రెండు మార్పులొస్తే పట్టు సడలుతుంది. కొన్ని క్రిములు మందును బయటికి తోసేస్తాయి. చివరికి అవి బిళ్ల అంచుదాకా వచ్చేశాయి. కొలవడానికి ఏమీ లేక, బిళ్ల వెడల్పే రాసేవాళ్లం: 6.

ఎందుకిలా అయింది? విరేచనాలకీ జ్వరానికీ ఈ మందునే రెండేసి మాత్రలు కత్తిరించి అమ్మడం అందరూ ఎరిగినదే. నన్ను ఎక్కువ కలతపెట్టింది హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు. అక్కడ మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొస్తున్న నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా, నార్‌ఫ్లాక్స్ కుటుంబానిదే అయిన సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ మందు మింగే రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీళ్లలో బతికి బట్టకట్టిన క్రిమికి మన మాత్ర ఒక లెక్కా?

1950ల నాటి నైట్రోఫ్యురాంటాయిన్ మాత్రం చాలా ప్లేట్లలో ఇంకా నిలబడుతోంది. క్రిమిని ఒకేసారి పలుచోట్ల దెబ్బకొడుతుంది మరి. కానీ దాని బలం మూత్రాశయం వరకే. కిడ్నీకి పాకితే చాలదు. మాత్రలన్నిటికీ లొంగని క్రిమైతే మెరోపెనెమ్ లాంటి ఇంజెక్షన్లే దిక్కు, రోజుకు మూడుసార్లు, ఆస్పత్రిలో పడుకుని. కూలికెళ్లే ఆడమనిషి 'మాత్రలు రాయండి సార్, ఇంటికాడ పిల్లలున్నారు' అని బతిమాలుతుంది. వాళ్లమ్మకైతే ఆ చవక నార్‌ఫ్లాక్స్ మాత్రే సరిపోయేది. ఈమెకు డాక్టరు అడ్మిషన్ చీటీ రాస్తున్నారు.