ఒక రౌండుకు వంద ఆకులు

మా నాన్నగారు కేంద్ర రిజర్వ్ పోలీసు దళంలో పనిచేస్తారు. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలోని ఉసూర్‌లో ఉన్నారు. అమ్మా నేనూ జగదల్‌పూర్‌లో ఉంటున్నాం. ఉసూర్‌కు తెలంగాణ సరిహద్దు దగ్గరే. అక్కడివాళ్లు గోండీ, దోర్లీ మాట్లాడినా చాలామందికి తెలుగు అర్థమవుతుంది. అందుకే నాన్నగారికి ఆ ఊరివాళ్లతో తొందరగా చనువు కుదిరింది.

ఏప్రిల్‌లో ఒకరోజు నాన్నగారు ఫోన్ చేసి, మే నెలలో బీజాపూర్‌లో పిల్లలకు ఆటల శిబిరం ఉందని, ఉసూర్ నుంచి నలుగురికి వెళ్లాలని ఉందని చెప్పారు. ఫీజు లేదు, భోజనం అక్కడే. "మరి ఇబ్బందేమిటి నాన్నా?" అన్నాను. ఒక తల్లి అడిగిన మాట చెప్పారు: "పిల్లగాడు పోతే ఆకు ఎవరు కోస్తరు సార్?"

మనకు మే నెల అంటే సెలవులు. అక్కడ అది తునికాకు కాలం. బీడీలు చుట్టేది ఆ ఆకుతోనే. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ అడవికి వెళ్లి ఆకు కోస్తారు. 50 ఆకులు ఒక కట్ట. 1,000 కట్టలు ఒక ప్రామాణిక బస్తా. ప్రభుత్వం బస్తాకు ఇచ్చే ధర 5,500 రూపాయలు. అంటే కట్టకు ఐదున్నర. ఆ కొద్దిరోజుల సంపాదనలో పిల్లల చేతులకూ వాటా ఉంటుంది.

కెనడాకు చెందిన టెర్రీ ఫాక్స్ గురించి చాలామంది చదివే ఉంటారు. 1980లో కృత్రిమ కాలితో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. క్యాన్సర్ పరిశోధన కోసం దేశంలో ఒక్కొక్కరినీ ఒక్కొక్క డాలర్ అడిగాడు. పరుగెత్తేది ఒకరు, డబ్బు ఇచ్చేది మరొకరు. ఆ పద్ధతి మాకు నచ్చింది.

మా కాలనీ పిల్లలం పాతికమంది నోటు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగాం. ఒక్కొక్కరికి మూడేసి ఇళ్లవాళ్లు మాట ఇచ్చారు. మైదానం చుట్టూ ఒక రౌండుకు ఒక్కో ఇల్లు 11 రూపాయలు, అంటే రెండు కట్టలు, వంద ఆకులు. ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే పరుగు మొదలుపెట్టాం. కాళ్లు లాగుతున్నప్పుడు "ఇంకో వంద ఆకులు" అని అరుచుకున్నాం. అందరం కలిసి 200 రౌండ్లు తిరిగాం. 6,600 రూపాయలు వచ్చాయి. ఒక్కో పిల్లవాడికి 300 కట్టల విలువ.

ఆ డబ్బు అక్కడి బడి సారు చేతుల మీదుగా నాలుగు ఇళ్లకూ అందింది. నలుగురూ శిబిరానికి వెళ్లారు. ఊరికే తీసుకోవడం ఇష్టంలేక ఒక తల్లి నాన్నగారి చేత మాకు సారపప్పు పంపింది. అమ్మ దానితో పాయసం చేసి, పరుగెత్తిన వాళ్లందరికీ పెట్టింది.

ఫీజు లేనంత మాత్రాన ఏదీ అందరికీ ఉచితం కాదని నాకు అప్పుడు తెలిసింది. మిత్రులారా, మనం బదిలీల పిల్లలం. ఏ ఊళ్లోనూ ఎక్కువ కాలం ఉండం. ఉన్నన్నాళ్లూ అక్కడి పిల్లలకు సెలవులు ఎలా గడుస్తాయో ఒక్కసారి అడిగి చూద్దాం.